కడిగి పంపండి

“మీ కథ జీడిపాకంలా సాగుతోందండీ” అని పోయినవారం ఒకావిడ నన్ను బజార్లో ఆపి మరీ అన్నారు. కథే జీడితొక్కలది, పాకం అంటకుండా ఎలా ఉంటుందమ్మా అని నవ్వేశాను గానీ, ఇంటికొచ్చాక కూడా ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. అందుకని ఈ వారం వానల వర్ణనలు కట్టిపెట్టాను. ఎక్కడ ఆగామో చెప్పేసి నేరుగా పనిలోకి దిగుతాను.

సీసాలమ్మ మీకు తెలుసు. రసాయనశాస్త్రం చదువుకున్న మనిషి. ఎక్కడికెళ్లినా చేతిసంచిలో గాజుసీసాలు గలగలమంటుంటాయి కాబట్టి బస్సు డిపోలో ఆవిడకు ఆ పేరు పడింది. జీడిపప్పు తీసేశాక పారేసే తొక్కలోంచి నల్లటి నూనె వస్తుంది. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అలాంటి దాన్ని శుద్ధి చేసి, డీజిల్‌లో కలిపే ఒక ద్రవంగా మార్చింది సీసాలమ్మ. ఇప్పుడు బస్సులన్నీ మొక్కల నూనె కలిసిన డీజిల్‌తో నడుస్తున్నాయి కదా. ఆ డీజిల్ నిలవుంటే జిగురు కడుతుంది. ఈ ద్రవం కాస్త పడితే కట్టదు. కాగితం మీద దానికి బారెడు పేరుంది. డిపోలో మాత్రం అందరూ ‘మందు’ అంటారు. “బండికి మందు పోశారా?” అని ఒకడంటే, “బండికే పోశాం, డ్రైవరుకు పోయలేదు” అని ఇంకొకడు అనడం అక్కడ రోజూ వినపడే సరసం.

మొదటి పరీక్షకు ఎంచుకున్న బస్సును నడిపింది సీసాలమ్మ తమ్ముడు. కొండదారి ఎక్కుతూ ఎక్కుతూ అది ఊపిరాడనట్టు ఆగిపోయింది. వెనక్కి జారి, పిట్టగోడకు ఆనుకుని నిలబడింది. లోపలున్నవాళ్లంతా క్షేమంగా దిగారు. తమ్ముడు మాత్రం ఇరుక్కున్నాడు. ట్యాంకులో డీజిల్ అమ్ముకుని ఆ లోటును కిరసనాయిలుతో పూడ్చాడని అతని మీద అభియోగం. విచారణ ఈ సాయంత్రమే. ఇంజను ఆగింది కిరసనాయిలు వల్ల కాదని అక్కగారు అందరి ముందూ రుజువు చేస్తే సరేసరి. లేకపోతే తమ్ముడికి ఉద్యోగమూ పోతుంది, దొంగ అనే పేరూ మిగులుతుంది. ఉద్యోగం ఇంకొకటి వెతుక్కోవచ్చు. ఆ పేరును ఏ నీళ్లతో కడుక్కుంటాడు?

అదీ సంగతి. ఇక డిపో వెనకాల ఉన్న వర్క్‌షాపులోకి రండి. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకోండి, నేలంతా నూనె.

అక్కడ డీజిల్ పంపులు విప్పి బాగుచేసేది సీసాలమ్మ ఆడపడుచే. భర్తకు అక్క కాబట్టి వదిన. (ఆ భర్తగారు తొక్కలు కొనడానికి ఊళ్లు పట్టుకు తిరుగుతున్నారు, ఈ వారం కథలో ఆయనకు పని లేదు.) వదిన బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంటుంది. ఆ గుడ్డ మీద ఇంకొకరు చెయ్యి పెడితే ఊరుకోదు. ఇప్పుడు దాని మీద ఆ బస్సు ఫిల్టరు కోసి పెట్టి ఉంది. లోపలి కాగితం మడతల్లో పసుపుపచ్చని ముద్ద, పేరిన నెయ్యిలా కూరుకుపోయి ఉంది.

“చూడు నీ మందు మహిమ,” అంది వదిన. “జిగురు కట్టకుండా చేస్తానంది. చివరికి అదే గొంతుకు అడ్డం పడింది. కంచే చేను మేసిందంటే ఇదే మరి.”

సీసాలమ్మ చూసింది. కిటికీ దాకా వెళ్లింది, తిరిగొచ్చింది. గోడకు వేలాడే పానాలను వరసగా వేలితో తాకుతూ వెళ్లింది. మళ్లీ వచ్చి చూసింది.

“అబ్బ, కాలుగాలిన పిల్లిలా తిరగకమ్మా, నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఆ స్టూలు మీద కూర్చో.”

“కూర్చోలేను వదినా. కిరసనాయిలు పోస్తే ఇలా అవుతుందా?”

“కాదు. కిరసనాయిలు పల్చన చేస్తుంది, ముద్ద కట్టించదు. ఆ మాట ఎక్కడ చెప్పమన్నా చెప్తాను. కానీ నేనెవర్ని? డ్రైవరుగారి అక్కకు ఆడపడుచుని. ‘ఇంటిల్లిపాదీ కలిసి వచ్చారు’ అని నవ్వుతారు. ఒకవేళ నమ్మినా, మరి దేనివల్ల అని అడుగుతారు. అప్పుడు నీ మందు వల్లే అని చెప్తాను. కళ్లతో చూసింది దాచిపెట్టడం నా వల్ల కాదు.”

వదిన నోరు అలాంటిది. పంపు ఎలా విప్పుతుందో మాట కూడా అలాగే విప్పేస్తుంది. సీసాలమ్మకు ఒళ్లు మండింది. నాలుగు డిగ్రీలు చదివినవాళ్లు పొగిడినా, ఈవిడ చూపు ముందు తన మందు నిలబడాలని ఆవిడకు మొదటినుంచీ పట్టుదల. నిలబడలేదు. అదే బాధ.

ఏం తోచక ఆ ముద్దను చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. గుడ్డకు తుడుచుకుంది. మళ్లీ తీసి నలిపింది. అప్పుడు ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

“వదినా, చెయ్యి చాపు.”

“ఎందుకూ?”

“చాపు ముందు. నలిపి చూడు. అంటుకుంటోందా, జారుతోందా?”

వదిన అయిష్టంగానే నలిపింది. “జారుతోంది.”

“జిగురైతే వేళ్లు పట్టుకుంటుంది కదా! ఇది జారుతోంది!”

సంచి బోర్లించినంత పని చేసింది సీసాలమ్మ. ఒక చిన్న సీసాలో ఆ ముద్ద కాస్త వేసి, మంచినీళ్లు పోసి, మూత బిగించి ఊపింది. తెల్లటి నురగ సీసా మెడదాకా లేచింది. ఇంకో బుడ్డిలోంచి రంగులేని చుక్కలు రెండు అందులో వేసింది. నీళ్లు గులాబీరంగులోకి తిరిగాయి. క్షారం ఉంటేనే ఆ రంగు వస్తుంది. చిన్న క్లాసు పిల్లలు కూడా చేసే పరీక్ష ఇది. కానీ ఆ రంగు చూసి ఇంత పెద్ద మనిషి గెంతడం వదిన ఎప్పుడూ చూడలేదు.

“సబ్బు వదినా! సబ్బు! డీజిల్లో సబ్బు కరగదు. వెళ్లి వెళ్లి ఫిల్టర్లో కూరుకుంటుంది. కిరసనాయిలులో సబ్బు ఉండదు, నా మందులోనూ ఉండదు. తమ్ముడు దొంగ కాదు. ఈ సీసా వాళ్ల బల్ల మీద పెట్టి ఊపితే చాలు, ఇంకెవరి సాక్ష్యమూ అక్కర్లేదు!”

వదినను పట్టుకుని ఊపేసింది. ఫిల్టరు బల్లమీదే ఆగింది గానీ కింది తెల్లగుడ్డ జారి నేలమీద పడింది, అయినా వదిన కోప్పడలేదు. పైగా నవ్వింది. “సర్లే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ మందు మంచిదే. మరి సబ్బెక్కడిదే? ట్యాంకులో దిగి ఎవరైనా తలంటుకున్నారా?”

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఈ కథలో వీళ్లిద్దరూ కలిసి నవ్వడం ఇదే మొదటిసారి. నేను ఇక్కడే ఈ వారానికి ఆపేస్తే మీరూ సంతోషిస్తారు, నాకూ మంచి పేరొస్తుంది. కానీ అప్పుడే గుమ్మంలో దగ్గు వినపడింది.

మామగారు. వదినకు తండ్రి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడిజుట్టు నున్నగా దువ్వుకుని, పెళ్లికి వెళ్లేవాడిలా తయారై వచ్చాడు. జీడితొక్కల్లోంచి నూనె తీసే షెడ్డు ఆయనదే. కోడలు చెప్పిన పద్ధతిలో శుద్ధి చేసి, డ్రమ్ములకెత్తి, డిపోకు పంపేది ఆయనే. అంతకుముందు బతుకంతా ఒక మిల్లులో బాయిలర్ల దగ్గర గడిపాడు.

“ఏమ్మా, నవ్వులు వీధిదాకా వినిపిస్తున్నాయి. మంచి కబురేనా?” అంటూ లోపలికొచ్చి, మూలన ఉన్న ఖాళీ డ్రమ్ము దగ్గర ఆగాడు. బస్సులో పోసిన మందు ఆ డ్రమ్ములోంచి తీసిందే. దాని మూత తిప్పి, లోపలికి తొంగిచూసి, అరచేత్తో నిమిరాడు. “చూశావా, ఇంకా ఎలా మెరుస్తోందో. తుప్పు మచ్చ ఉందేమో వెతకండి!”

“కొత్త డ్రమ్ములా మామయ్యా?” అంది సీసాలమ్మ, ఇంకా నవ్వు ముఖంతోనే.

“కొత్తవెక్కడివమ్మా, పాతవే. నువ్వు చెప్పావుగా. ఫోన్ చేసి మరీ చెప్పావు, ‘ఈసారి బాగా కడిగి పంపండి మామయ్యా, పరీక్షకెళ్లే సరుకు’ అని. నూనె కడగడం మేం రోజూ చేసేదే, దానికి ఫోనెందుకు చేస్తావు? డ్రమ్ముల గురించే అయ్యుంటుందనుకున్నాను. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. కాస్టిక్ సోడా నీళ్లు మరగబెట్టి, నేనే పోసి, నేనే తోమాను. తర్వాత మంచినీళ్లు పోస్తే ఇనుము తుప్పు పడుతుంది, అందుకని పోయలేదు. ఆ సోడా పొర మీదే ఆరబెట్టాను. బాయిలర్లకు మేమలాగే చేసేవాళ్లం. నా కోడలి సరుకు మురికి డ్రమ్ములో వెళ్లిందని ఒక్కడు అనకూడదు కదా!”

పచ్చివెలక్కాయ గొంతులో పడ్డట్టయింది సీసాలమ్మకు.

తెలుగు వాక్యంతో ఇదే చిక్కు. ‘కడిగి పంపండి’ అంటే చాలు, దేన్ని కడగాలో చెప్పకపోయినా వాక్యం నిండుగానే ఉంటుంది. రసాయనం చేసేవాళ్లకు కడగడమంటే నూనెనే కడగడం, అందులో మిగిలిన ఆమ్లం పోయేదాకా మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడగడం. బాయిలర్ల దగ్గర తల నెరిసినవాడికి కడగడమంటే ఇనుమును కడగడం. అత్తెసరు వాక్యం ఒకటి ఫోన్లో పడేసి ఆవిడ తన పనిలో పడిపోయింది. ఆ వాక్యంలో కర్త ఉన్నాడు, క్రియ ఉంది. కర్మ లేదు. ఆ కర్మే ఇప్పుడు కొండదారిలో బస్సై నిలబడింది. మందుతో పాటు ట్యాంకులోకి దిగిన సోడా, డీజిల్‌లోని మొక్కల నూనె కలిస్తే సబ్బు కాక ఇంకేమవుతుంది? డ్రమ్ముకెత్తకముందు తీసిన నమూనానే ఆవిడ పరీక్షించింది. డ్రమ్ములోంచి తీసి చూడాలని ఎవరికీ తోచలేదు.

సీసాలమ్మ వదినవైపు చూసింది. వదిన అప్పటికే ఈవిడవైపు చూస్తోంది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

మామగారి చూపు బల్లమీది ఫిల్టరు మీద పడింది. ముఖంలో వెలుగు తగ్గింది. “ఇదేమిటి? ఇంత ముద్ద... మందు వల్లనా?”

ఎవరూ మాట్లాడలేదు.

“మన మందు వల్లేనా అమ్మా?”

“ఇంకా చూస్తున్నాం నాన్నా,” అంది వదిన, తల ఎత్తకుండా.

వాళ్ల మౌనాన్ని ఆయన తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. “అయ్యో, ఇన్నాళ్ల కష్టం కదా తల్లీ నీది,” అని కోడలి తలమీద చెయ్యి వేశాడు. “ఆ పిల్లవాడు బయట బెంచీ మీద ఒంటరిగా కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చుంటాను. మీరు చూసుకుని రండి.”

ఆయన చెప్పుల చప్పుడు ఆవరణలో కలిసిపోయేదాకా ఇద్దరూ కదల్లేదు. తర్వాత వదిన వెళ్లి వర్క్‌షాపు తలుపు మూసింది. ఎండ వెళ్లిపోయి, కిటికీలోంచి పడే వెలుగు ముక్క ఒకటే మిగిలింది. బయట బస్సుల ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి స్టార్టవుతున్నాయి. సాయంత్రపు బండ్లు బయల్దేరే వేళ.

“నాన్నకు చెప్పకు,” అంది వదిన.

“ఇప్పుడు చెప్పను. విచారణలో...”

“విచారణలో అసలే చెప్పకు.”

“మరి తమ్ముడు?”

వదిన నేలమీది తెల్లగుడ్డ తీసి, దులిపి, మడతపెట్టింది. మడత విప్పింది. మళ్లీ పెట్టింది.

“నువ్వు మా ఇంటికి రాకముందు సంగతి ఇది. మిల్లులో బాయిలరు గొట్టం పగిలింది. గొట్టం పాతది, మార్చమని నాన్న మొత్తుకుంటూనే ఉన్నాడు. చివరికి అందరూ కలిసి ఈయన నిర్లక్ష్యమే అన్నారు. ఇంటికి పంపించేశారు. ఆ తర్వాత ఈయన గదిలోంచి బయటికి రాలేదు. కిటికీ కూడా తీయనిచ్చేవాడు కాదు. అన్నం కంచం గుమ్మం దగ్గర పెడితే, పెట్టినట్టే ఉండేది. నీ మందు కోసం ఈ షెడ్డు మొదలుపెట్టాకే మళ్లీ చొక్కాకు ఇస్త్రీ చేసుకున్నాడు. ఇప్పుడు నలుగురి ముందూ నిలబెట్టి, ‘బస్సు జారింది ఈయన వల్లే’ అంటావా? ఆ గది తలుపు ఇంకోసారి తెరుచుకోదు.”

“తప్పు ఆయనది కాదని నేనే చెప్తాను. చెప్పడం చేతకాని నాదే తప్పు అంటాను.”

“నువ్వేమన్నా వాళ్లకు వినపడేది ఒకటే. డ్రమ్ము కడిగింది ఎవరు, ముసలాయన. అంతే.”

“అయితే నా తమ్ముణ్ణి దొంగను చెయ్యమంటావా? వాడు మా అమ్మ పోయాక నా చెయ్యి పట్టుకుని పెరిగాడు వదినా! ఎవరి వస్తువూ తాకి ఎరగడు!”

“నేనలా అన్నానా?” వదిన గొంతు పెరిగింది. “నీకు తమ్ముడైతే నాకు నాన్న. ఇద్దరూ బయటపడే దారి ఉంది. మందే చెడ్డదని చెప్పు. నిలవుంటే ముద్ద కడుతోంది, ఇప్పుడే తెలిసిందని చెప్పు. నీ తమ్ముడు బయటపడతాడు, మా నాన్న బయటపడతాడు. పోయేది సీసాలో ద్రవం. దానికి ప్రాణం లేదు. దానికి పరువు లేదు. దాన్ని ఎవరేమన్నా గదిలో దూరి తలుపేసుకోదు.”

సీసాలమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. “బస్సును కొండమీద ఆపిన మందని ఒకసారి పేరొస్తే దాన్ని మళ్లీ ఏ డిపో ముట్టుకుంటుంది? ఆ తొక్కలు మళ్లీ చెత్తకుప్పలకే. అది మంచిదని నువ్వే అన్నావు. ఇప్పుడే అన్నావు!”

“అన్నాను. అందుకే అడుగుతున్నాను. చెడ్డదైతే అడిగేదాన్నే కాదు.”

సీసాలమ్మ మళ్లీ నడవడం మొదలుపెట్టింది. కిటికీ, బల్ల, తలుపు. తలుపు, బల్ల, కిటికీ. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉంది ఆవిడ పని. కోపం ముంచుకొచ్చింది. వదిన మీద వచ్చింది, తన నాలుక మీద వచ్చింది, ఇంత చిన్న మాట సరిగ్గా చెప్పలేని తన చదువు మీద వచ్చింది. మామగారి మీద మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆ ముసలి చేతులు మరిగే సోడానీళ్లలో డ్రమ్ము తోమడం కళ్లముందు కనపడుతుంటే ఎలా వస్తుంది?

గులాబీరంగు సీసాను తీసి కిటికీ వెలుగులో ఒకసారి చూసుకుంది. దాన్ని సంచి అడుగున, గుడ్డ చుట్టి పెట్టేసింది.

“సరే,” అంది. “మందే చెడ్డది.”

వదిన ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో నూనె, పసుపు ముద్ద, చెమట అన్నీ ఉన్నాయి.

ఇద్దరూ ఆవరణ దాటారు. సాయంత్రపు బస్సులు వరసకట్టి ఉన్నాయి. డీజిల్ పంపు దగ్గర గొట్టం ఒక ట్యాంకులోంచి తీసి ఇంకో ట్యాంకులో పెడుతున్నారు. సీసాలమ్మ అటు చూసింది గానీ, చెప్పబోయే అబద్ధాన్ని మనసులో వల్లెవేసుకుంటున్న మనిషికి ఏం కనపడుతుంది? ‘నిలవుంటే ముద్ద కడుతోంది. ఇప్పుడే తెలిసింది.’ రెండు వాక్యాలు. రెండింటికీ కర్త, కర్మ, క్రియ సరిగ్గా ఉండేలా చూసుకుంది ఈసారి.

విచారణ గదిలో బల్ల వెనకాల అధికారి కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. పని ముగించుకున్నవాడి తీరు. తమ్ముడు గోడవార నిలబడి ఉన్నాడు. మామగారు బెంచీ మీద, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని, తల వంచుకుని ఉన్నాడు.

“రండమ్మా,” అన్నాడు అధికారి. “మీకు శ్రమ తప్పింది. మీ తమ్ముడు ఒప్పేసుకున్నాడు.”

“ఏం ఒప్పుకున్నాడు?”

“కిరసనాయిలు కలిపింది తనేనని. ఎవరూ అడక్కుండానే, వచ్చి నిలబడి చెప్పాడు.”

సీసాలమ్మ తమ్ముడివైపు చూసింది. అతను కళ్లు దించుకున్నాడు.

“అక్కా, నువ్వేమీ అనకు,” అన్నాడు మెల్లగా. “మందుకు పేరు పోతే మళ్లీ రాదటగా. ఉద్యోగాలదేముంది.”

మామగారు తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “నేనే నోరు జారానమ్మా. ఫిల్టరు సంగతి చెప్పి, తప్పు మన మందు మీదికే పోయేలా ఉందని వీడితో అన్నాను. తోడుకని కూర్చుని ఇలా చేశాను. చటుక్కున లేచి లోపలికొచ్చేశాడు. ఆపబోతే వినలేదు.”

వర్క్‌షాపులో ఇద్దరు ఆడవాళ్లు ఆయన ముందు నోరు మెదపలేదు. ఆ మౌనం బెంచీ మీదుగా నడిచి, గోడవార ఉన్న కుర్రాడి మెడకు చుట్టుకుంది.

“వాడు అబద్ధం చెప్తున్నాడండీ,” అంది సీసాలమ్మ. “మందే చెడ్డది. నిలవుంటే ముద్ద కడుతోంది. ఇప్పుడే తెలిసింది.”

అధికారి జాలిగా నవ్వాడు. “అక్క తమ్ముడి కోసం, తమ్ముడు అక్క కోసం. బాగుంది. కానీ మీ మందు మీద అనుమానం తీరిపోయిందమ్మా. అందుకే మీ మిగతా డ్రమ్ములన్నీ పెద్ద ట్యాంకులో పోయించేశాను. కొండదారి బండ్లన్నీ ఇప్పుడు ఆ డీజిలే పట్టుకుంటున్నాయి. మీరు సంతోషించాలి.”

బయట మొదటి బస్సు హారను మోగింది. గేటు ఇనుపచక్రాల మీద జరుగుతున్న చప్పుడు వినపడింది. వదిన చేతివేళ్లు సీసాలమ్మ మణికట్టులో దిగబడ్డాయి.

“ఆపండి!” అంది సీసాలమ్మ. “బండ్లు ఆపించండి, ముందు ఆపించండి! అవి ఎక్కలేవు. ఏటవాలులో ఆగిపోతాయి!”

అధికారి నవ్వు మాయమైంది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు గానీ నొక్కలేదు. “కారణం చెప్పండి. ఇన్ని బండ్లు, ఇంతమంది జనం. తమ్ముడి కోసం చెప్పే మాట మీద ఆపలేను. రుజువుందా?”

సంచి అడుగున గుడ్డ చుట్టిన సీసా ఉంది. సీసాలమ్మ వదినవైపు చూసింది. వదిన కళ్లు మూసుకుంది. మణికట్టు మీది పట్టు నెమ్మదిగా వదిలేసింది.

సీసాలమ్మ సీసా తీసి ఊపింది. గులాబీరంగు నీళ్లమీద నురగ లేచింది. “మందు మంచిదే. వాడూ మంచివాడే,” అంది. “డ్రమ్ముల్లో...”

ఆ పైమాట రాలేదు. చూపు బెంచీ మీది మామగారి మీదికి వెళ్లింది.

“డ్రమ్ముల్లో? డ్రమ్ములకేమైంది?” అధికారి ముందుకు వంగాడు. “వాటిని ఎవరు కడిగారు?”

బెంచీ మీంచి మామగారు లేచాడు. చొక్కా అంచు కిందికి లాక్కుని సరిచేసుకున్నాడు. తన శుభ్రతను ఎవరో శంకించారనుకున్నాడు. ఎన్నాళ్లుగానో వంగిపోయిన నడుము నిటారుగా నిలబెట్టి, అధికారి కళ్లలోకి చూస్తూ చెప్పాడు:

“నేనేనండీ. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. వాటిలో ఏ లోపం ఉన్నా పూచీ నాది. నా పేరు రాసుకోండి.”